ఫార్మాట్ కొట్టడం రిపేరు కాదు

అనకాపల్లిలో ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్లినా కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఒకటి కనిపిస్తుంది. నెహ్రూ చౌక్ నుంచి గవరపాలెం దాకా బోర్డులే బోర్డులు. జబ్బు ఏదైనా అక్కడ మందు ఒక్కటే, ఫార్మాట్. విండోస్ రావడం లేదంటే ఫార్మాట్. ఉబుంటు లైనక్స్ కనిపించడం లేదంటే ఫార్మాట్. నల్లటి తెర మీద రెండు లైన్ల ఇంగ్లీషు పడితే, ఆ రెండు లైన్లూ చదవకుండానే పెన్‌డ్రైవ్ గుచ్చి ఫార్మాట్. గంట తిరక్కుండా కొత్త విండోస్, ఖాళీ తెర, చేతిలో బిల్లు. పిల్లాడు ఆర్నెల్లు కూర్చుని చేసుకున్న ప్రాజెక్టూ, ఇంట్లో పెళ్లి ఫొటోలూ గంగలో కలిసిపోతాయి. "డేటా ఏటైనా ఉందా మేస్టారూ?" అని ముందుగా ఒక మాట అడిగేవాడు దొరికితే అదృష్టమే.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. ఒకే మెషీన్లో విండోసూ లైనక్సూ రెండూ పెట్టుకున్నప్పుడు వచ్చే తంటాల్లో నూటికి తొంభై డిస్కు చెడిపోయి వచ్చేవి కావు. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. స్విచ్ నొక్కగానే మొదట ఏది లేవాలో చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి తప్పిపోతుంది, అంతే. దాన్ని దాని చోట పెడితే రెండూ లేస్తాయి. ఆ పని తెలిసినవాడు చేస్తే టీ చల్లారేలోగా అయిపోతుంది. విండోస్ 98 నాటినుంచీ ఈ ఊళ్లో ఇదే పని చేసి సంసారం ఈదినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మా రోజుల్లో లైనక్స్ సీడీ సంపాదించడమే ఒక వ్రతం. సంచార్‌నెట్ డయలప్ మీద ఒక సీడీ దించుకోవాలంటే పగలూ రాత్రీ దాటి లైను తెగకుండా ఉండాలి. మధ్యలో ఎవరైనా ఫోన్ ఎత్తితే మొత్తం మళ్లీ మొదటికి. అందుకని పీసీక్వెస్ట్ పత్రిక లైనక్స్ సీడీతో వచ్చే నెల కోసం కాచుకుని కూర్చునేవాళ్లం. ఇక్కడి పుస్తకాల కొట్టుకి రాకపోతే రైలెక్కి విశాఖ వెళ్లి ద్వారకానగర్‌లో వెతుక్కునేవాళ్లం. తర్వాత ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లందరికీ 2011 దాకా సీడీలు ఉచితంగా పోస్టులో పంపారు. మనం చిరునామా రాసి పెడితే కొన్ని వారాలకి పోస్టుమేన్ అట్ట కవరు తెచ్చిచ్చేవాడు. అంత కష్టపడి తెచ్చుకున్నది కాబట్టి ఎక్కించే ముందు నాలుగుసార్లు ఆలోచించేవాళ్లం.

ఆలోచించడమంటే ఊరికే కాదు. ముందు ఒక నోటుబుక్కు. డిస్కులో ఎన్ని పార్టిషన్లు, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఏ నంబరులో ఏముంది, అన్నీ పెన్నుతో రాసేవాళ్లం. రెడ్‌హ్యాట్ ఎక్కించడం పూర్తవుతుంటే చివర్లో బూట్ ఫ్లాపీ చేసుకుంటావా అని అడిగేది. దానికి అవునని చెప్పనివాడు మా దృష్టిలో పనివాడే కాదు. ఆ ఫ్లాపీ మీద మెషీన్ ఎవరిదో, లైనక్స్ ఏ పార్టిషన్లో ఉందో రాసి డబ్బాలో పెట్టేవాళ్లం. ఇంకా జాగ్రత్త ఉన్నవాళ్లు డిస్కు మొట్టమొదటి సెక్టార్‌ని కూడా వేరే ఫ్లాపీ మీదికి తీసి ఉంచుకునేవారు.

ఆ సెక్టార్ సంగతి ఇప్పటి కుర్రాళ్లు ఒక్కసారైనా తెలుసుకోవాలి. మాస్టర్ బూట్ రికార్డు అంటారు దాన్ని. మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు మెషీన్‌ని లేపే ప్రోగ్రాముకి, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకి, మిగిలిన రెండు బైట్లు ఇది సరైన బూట్ సెక్టారే అని చెప్పే గుర్తుకి. ఈ పేరాలో నేను రాసిన అక్షరాలు కూడా అందులో పట్టవు. విండోస్ ఎక్కించినప్పుడల్లా ఆ 446 బైట్ల మీద తన ప్రోగ్రాం రాసేసుకునేది. పక్కన మరొకటి ఉందా అని అడిగేది కాదు. అందుకే ముందు విండోస్, తర్వాతే లైనక్స్ అనేది మాకు వేదవాక్కు. తారుమారైతే లైనక్స్ డిస్కులో ఉన్నచోటే ఉంటుంది, దారి మాత్రం పోతుంది. అలాగే లైనక్స్ తీసేసి విండోస్ ఒక్కటే ఉంచుకోవాలనుకున్నవాడికి విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీతో లేపి ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్ అని కొడితే పని అయిపోయేది. ఏ డ్రైవులోనూ ఒక్క ఫైలు కదిలేది కాదు.

ఆనాడు రెండింటికీ దారి చూపించే ప్రోగ్రాం లిలో. దాని అందమంతా అది లేచేటప్పుడు తన పేరులోని నాలుగక్షరాలనూ ఒక్కొక్కటిగా తెర మీద వెయ్యడంలో ఉంది. ఊరికే వేసేది కాదు, ఒక్కో మెట్టు దాటాక ఒక్కో అక్షరం వేసేది. ఎల్ ఒక్కటే పడి పక్కన అంకెలు వరస కడితే, మొదటి భాగం లేచింది కానీ రెండో భాగాన్ని డిస్కు మీంచి తెచ్చుకోలేకపోయిందని అర్థం. ఎల్, ఐ అని ఆగిందా, రెండో భాగం దొరికింది కానీ నడవలేదు. ఎల్, ఐ, ఎల్ దగ్గర ఆగితే రెండో భాగం నడిచింది, మ్యాప్ ఫైలు చదవలేకపోయింది. నాలుగూ పడితే దాని వంతు పని సజావుగా అయినట్టే. ఎక్కడ ఆగిందో మెషీన్ తానే చెబుతుంటే ఇంక డాక్టరెందుకు? చదవడం వస్తే చాలు.

బెల్లం మార్కెట్లో ఒక వర్తకుడుండేవారు. చిట్టా ఆవర్జాలు కట్టిపెట్టి ట్యాలీలోకి మారిన తొలి తరం మనిషి. ఆయన కొడుకు విశాఖలో ఇంజనీరింగ్ చదువుతూ నాన్న మెషీన్లోనే రెడ్‌హ్యాట్ కూడా పెట్టుకున్నాడు. సీజన్ మంచి ఊపు మీద ఉండగా ఒక పొద్దున్న మెషీన్ లేవలేదు. నేను వెళ్లేసరికి ఆయన కొట్టు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "మేస్టారూ, నా లెక్కలన్నీ ఎల్లిపోనాయా?" అన్నారు. తెర మీద ఎల్, ఐ రెండక్షరాలే ఉన్నాయి. కుర్రాడు సెలవులకొచ్చి ఏం ముట్టుకున్నాడని అడిగాను. స్లాష్ బూట్ ఫోల్డరు చిందరవందరగా ఉందని ఫైళ్లు సర్దాడట. సర్దాక లిలో కమాండ్ మళ్లీ కొట్టలేదు. లిలోకి ఫైలు పేర్లు తెలియవు, డిస్కు మీద ఆ ఫైలు ఏ చోట ఉందో ఆ అంకెలే తెలుసు. ఫైలు జరిగితే అంకెలు మారతాయి, మారిన సంగతి దానికి మళ్లీ చెప్పాలి. బూట్ ఫ్లాపీతో లైనక్స్ లేపి లిలో అని కొట్టాను. యాడెడ్ లైనక్స్ అని ఒక లైను, యాడెడ్ డాస్ అని ఒక లైను పడ్డాయి. ఆయన ట్యాలీ తెరిచి ముందురోజు అమ్మిన దిమ్మల లెక్క చూసుకునేదాకా కుర్చీలో కూర్చోలేదు. ఈనాటి పద్ధతైతే ఆ లెక్కలు ఆ పూటే పోయేవి.

మరో తంటా ఉండేది. పాత బయాస్‌లు 1024 సిలిండర్లు దాటి చదవలేకపోయేవి. లెక్కలో దాదాపు 8 జీబీ. డిస్కేమో 20 జీబీ, లైనక్స్ కెర్నెల్ ఆ హద్దు ఇవతల ఉన్నంతకాలం హాయిగా లేచేది. కొత్త కెర్నెల్ ఎక్కించిన రోజున అది హద్దు అవతల పడితే, నిన్నటిదాకా లేచిన మెషీన్ ఈరోజు లేవదు. కారణం తెలియనివాడు డిస్కు పోయిందనుకుంటాడు. తెలిసినవాడు డిస్కు మొదట్లోనే చిన్న బూట్ పార్టిషన్ వేరేగా కట్టి ఉంచుతాడు. తర్వాత లిలో స్థానంలో గ్రబ్ వచ్చి అంకెలతో మాట్లాడింది. 15 అంటే ఫైలు దొరకలేదు, 18 అంటే బయాస్ అంత దూరం చదవలేదు, 22 అంటే ఆ పార్టిషనే లేదు. ఈ అంకెలు నా నోటుబుక్కు అట్ట లోపల రాసి ఉండేవి. కొన్నాళ్లకి చూడాల్సిన పనే లేకపోయింది.

ఇప్పటి సంగతికొస్తాను. నిజం చెప్పాలంటే ఇప్పటి ఏర్పాటు మా రోజులకంటే చాలా మెరుగు. పాత బయాస్ చోట యూఈఎఫ్ఐ వచ్చాక ఆ 446 బైట్ల కోసం కొట్లాట లేదు. ఈఎఫ్ఐ అని ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది, అందులో విండోస్‌కి ఒక ఫోల్డరు, ఉబుంటుకి ఒక ఫోల్డరు. ఎవరి గది వారిది. పెన్‌డ్రైవ్‌లోంచి పూర్తి లైనక్స్ లేచి నిలబడుతుంది. ఫ్లాపీ డబ్బాలు మోసినవాడికి అదెంత వరమో తెలుసు. ఇన్ని సదుపాయాలు చేతిలో ఉండి కూడా ఫార్మాట్ కొడుతున్నారనేదే నా బాధ. మాకు అవి లేక నానా అవస్థలూ పడ్డాం, అయినా జనం డేటా పోనివ్వలేదు.

మొన్నామధ్య చోడవరం వైపు నుంచి ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చుకుంది. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటినుంచి ఏది కావాలో అడగకుండా నేరుగా విండోసే వస్తోంది. ఒక కొట్టులో చూపిస్తే, "లైనక్స్ మొత్తం పోయిందమ్మా, ఫార్మాట్ చేసి రెండూ మళ్లీ ఎక్కించాలి" అన్నారట. ప్రాజెక్టంతా ఉబుంటులోనే ఉంది. పిల్ల ముఖంలో నెత్తురు లేదు. స్విచ్ నొక్కి బూట్ మెనూ మీట కొట్టాను. విండోస్ బూట్ మేనేజర్ అని ఒక లైను, దాని కింద ఉబుంటు అని ఒక లైను. రెండోది ఎంచితే ఉబుంటు లేచింది. ఏమీ పోలేదు, వరసలో ముందుండేది వెనక్కి జరిగింది. బయాస్‌లోకి వెళ్లి ఉబుంటుని మళ్లీ పైకి తెచ్చి సేవ్ చేశాను. అదీ జబ్బు. దానికి ఫార్మాట్ కొడదామన్నారు! ఆ మెనూ మీట కొన్ని మెషీన్లకి ఎఫ్12, కొన్నిటికి ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. మీ మెషీన్‌ది ఏదో తెలుసుకుని ఉంచుకోండి.

ఇంకో రకం తరచుగా వస్తుంది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఈ డ్రైవు ఖాళీగానే ఉంది కదా అని ఒక పార్టిషన్ తీసేస్తారు. పాత పద్ధతి డిస్కుల్లో దాంతో వెనకున్నవాటి నంబర్లు జరుగుతాయి. ఆరు అయిదవుతుంది. తెర మీద నో సచ్ పార్టిషన్ అనీ, కింద గ్రబ్ రెస్క్యూ అనీ పడుతుంది. భయపడాల్సింది ఏమీ లేదు. ఎల్ఎస్ అని కొడితే డిస్కులో ఉన్న పార్టిషన్ల పేర్లు చెబుతుంది. ఒక్కొక్కదాని మీదా ఎల్ఎస్ కొట్టుకుంటూ పోతే ఏదో ఒకదాంట్లో బూట్ అనే ఫోల్డరు కనిపిస్తుంది. అదే మన లైనక్స్ ఉన్న చోటు. సెట్ రూట్ అని దాని పేరూ, సెట్ ప్రిఫిక్స్ అని అందులోని గ్రబ్ ఫోల్డరు దారీ ఇవ్వాలి. ఇన్స్‌మాడ్ నార్మల్, తర్వాత నార్మల్ అని కొట్టాలి. మెనూ వచ్చేస్తుంది. లైనక్స్‌లోకి వెళ్లాక గ్రబ్‌ని డిస్కు మీద మళ్లీ ఎక్కించి, అప్‌డేట్ గ్రబ్ ఇస్తే శాశ్వతంగా సరి. కొత్త గ్రబ్‌లో విండోస్‌ని వెతికే ఓఎస్ ప్రోబర్‌ని మామూలుగా ఆపి ఉంచుతున్నారు. 2021లో వచ్చిన 2.06 నుంచి ఇంతే. మెనూలో విండోస్ లేదంటే పోయినట్టు కాదు, సెట్టింగ్స్ ఫైల్లో ఆ ప్రోబర్‌ని మళ్లీ తెరవాలి.

కుర్రాళ్లు ఈ కమాండ్లు కొట్టరని కాదు. కొడతారు. ఫోన్‌లో వీడియో చూసి, లేదా ఏఐని అడిగి, అది ఇచ్చింది ఇచ్చినట్టు దించేస్తారు. అక్కడ డిస్కు పేరు ఎస్‌డీఏ అని ఉంటుంది. వీళ్ల ల్యాప్‌టాప్‌లో ఉన్నదేమో ఎన్‌వీఎంఈ డిస్కు. ఎస్‌డీఏ అంటే గుచ్చిన పెన్‌డ్రైవ్. గ్రబ్ పోయి పెన్‌డ్రైవ్ మీద కూర్చుంటుంది, మెషీన్ ఎప్పటిలాగే లేవదు. అప్పుడు మళ్లీ అదే మాట, ఫార్మాట్. కొట్టే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే అని ఒక్క కమాండ్ ఇచ్చి, నా డిస్కు పేరేమిటి, నా పార్టిషన్ ఏది అని కాగితం మీద రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? చేతిలో ఉన్న మెషీన్‌ని చూడకుండా ఎవరి మెషీన్‌కో చెప్పిన వైద్యం చెయ్యడం మా రోజుల్లో లేదు. అంత తేలిగ్గా దొరికేది కాదు కాబట్టి లేదని మీరనవచ్చు. సరే, అలాగే అనుకోండి. మాకు మాత్రం దానివల్ల మేలే జరిగింది.

లేవని మెషీన్లు ఫార్మాట్ లేకుండానే బాగుపడతాయని 2024లో ప్రపంచమే చూసింది. జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ తప్పుడు అప్‌డేట్ పంపితే దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దానికి వైద్యం చాలాచోట్ల ఒక్కో మెషీన్ దగ్గరా మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లో లేపి, ఒక ఫైలు తీసెయ్యడమే. ఫార్మాట్ కాదు. నెల తిరక్కుండా ఆగస్టు 13న వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్ రెండు సిస్టంలు ఉన్నవాళ్లని దెబ్బకొట్టింది. పాత బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్ అనే తనిఖీ ఒప్పుకోకుండా చేసే ఏర్పాటు అది. రెండు సిస్టంలు ఉన్న మెషీన్ల జోలికి పోదని మైక్రోసాఫ్ట్ చెప్పింది, కానీ పోయింది. లైనక్స్ ఎంచగానే సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన అనీ, ఏదో ఘోరంగా తప్పు జరిగిందనీ ఇంగ్లీషులో రెండు లైన్లు పడి మెషీన్ ఆరిపోయేది. ఆ మాటలు చూసి జనం హడలిపోయారు. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి వెళ్లి మోక్‌యూటిల్ అనే పనిముట్టుతో ఆ కొత్త విధానాన్ని చెరిపేసి, మళ్లీ సెక్యూర్ బూట్ పెట్టుకుంటే సరిపోయింది. మైక్రోసాఫ్ట్ దాన్ని పూర్తిగా సరిదిద్దేసరికి 2025 మే వచ్చింది. ఈలోగా ఫార్మాట్ దెబ్బకి ఎంతమంది చదువులూ లెక్కలూ పోయాయో ఎవరు చూడొచ్చారు?

డిస్కులకి తాళం వేసేవాళ్ల మీద కూడా నాకు కోపమే. ఇప్పటి చాలా ల్యాప్‌టాపుల్లో బిట్‌లాకర్ తనంతట తానే డిస్కుకి తాళం వేసి ఉంటుంది. లైనక్స్ పెడదామని సెక్యూర్ బూట్ ముట్టుకున్నా, బయాస్‌లో కొన్ని సెట్టింగులు కదిపినా, 48 అంకెల కీ చెప్పమని అడుగుతుంది. అది ల్యాప్‌టాప్ కొన్నరోజున తెరిచిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా కొట్టు కుర్రాడు ఏదో మెయిలుతో తెరిచినదైతే, ఆ కీ దేవుడికెరుక. దొంగ ఎత్తుకుపోతే డేటా చూడకుండా ఉండడానికి ఆ తాళం మంచిదే. కానీ ఇంటి యజమానికే తాళంచెవి ఉందని చెప్పకుండా తాళం వెయ్యడం ఏం పద్ధతి? అమ్మేటప్పుడు ఒక్క కాగితం మీద రాసిచ్చి, ఇది బీరువాలో పెట్టుకోండమ్మా అని చెప్పడానికి నోరు రాదా? మిగతా అన్ని తంటాలకీ నా దగ్గర ఏదో ఒక దారి ఉంటుంది. కీ లేని బిట్‌లాకర్‌కి లేదు. ఆ డిస్కు ముందు నేను చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే.

చిన్న సంగతులు రెండు చెప్పాలి. విండోస్‌లో గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోతే మెషీన్ పాడైనట్టు కాదు. లైనక్స్ మెషీన్ గడియారంలో గ్రీనిచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. లైనక్స్‌కి లోకల్ టైమ్ వాడమని ఒక్క కమాండ్ చెబితే చాలు. రెండోది, అయిదారేళ్లు దాటిన మెషీన్ రోజూ తేదీ మరిచిపోతుంటే లోపలున్న సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందని అర్థం. అది అయిపోతే బయాస్ సెట్టింగులు మొదటికి వెళ్లి, బూట్ పద్ధతే మారిపోయి, రెండు సిస్టంలూ లేవకుండా పోవచ్చు. ఏ ఫ్యాన్సీ కొట్టులోనైనా దొరికే బిళ్ల అది. దాని కోసం డిస్కు తుడిచేసినవాళ్లని నేను చూశాను.

ఈ పని తెలిసినవాళ్ల అవసరం ఇకముందు పెరుగుతుందే కానీ తగ్గదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఒప్పుకోని పాత మెషీన్లు ఈ జిల్లాలో ఇంటింటా ఉన్నాయి. వాటిలో చాలావాటికి పక్కన లైనక్స్ చేరుతుంది, చేరాలి కూడా. అప్పుడు ఊరంతా ఫార్మాట్ కొట్టుకుంటూ కూర్చుంటారా?

కొట్లు పెట్టుకున్న కుర్రాళ్లు నా బిడ్డల్లాంటివాళ్లు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. తెర మీద ఏముందో పూర్తిగా చదవండి, ఫొటో తీసుకోండి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి ముందు డేటా బయటికి తీయండి, తర్వాతే మిగతా పని. రావాలనుకున్నవాళ్లు సాయంత్రాలు మా ఇంటికి రండి, నాకు వచ్చింది నేర్పుతాను, పైసా అక్కర్లేదు. తల్లిదండ్రులకి కూడా ఒక మాట. మెషీన్ చేతికిచ్చే ముందు, తెర మీద ఏం రాసి ఉంది బాబూ అని అడగండి. చెప్పలేనివాడికి ఇవ్వకండి. మీ ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలూ ఈ ఆదివారమే కాగితం మీద రాసి, ఇంటి పత్రాలు పెట్టుకునే చోట పెట్టండి.